బోర్డింగ్ స్కూల్ ఎంపిక: పిల్లల్ని పంపే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి, ఎలా తేల్చుకోవాలి

బ్రోషర్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే బోర్డింగ్ స్కూళ్ళు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. స్విమ్మింగ్ పూల్, పెద్ద గ్రౌండ్, ల్యాబులు, నవ్వుతున్న పిల్లల ఫొటోలు. సాయంత్రం చివరి గంట కొట్టిన దగ్గర్నుంచి మర్నాడు పొద్దున మళ్ళీ క్లాసులో కూర్చునేదాకా పిల్లవాడు ఎవరి కనుసన్నల్లో ఉంటాడో, రాత్రి ఏడుపొస్తే ఎవరి దగ్గరికి వెళ్తాడో మాత్రం ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. మామూలు బడికి పంపితే ఆ గంటలు ఇంటివి. బోర్డింగ్‌కి పంపితే వాటిని కూడా బడికే అప్పజెబుతున్నాం. అందుకే ఇక్కడ చదువు గురించి తక్కువ, హాస్టల్ గురించి ఎక్కువ చెబుతాను. చదువు ఎలా ఉంటుందో నలుగుర్ని అడిగితే తెలిసిపోతుంది. హాస్టల్ సంగతి వెళ్ళి చూసి, గుచ్చి గుచ్చి అడిగితే తప్ప బయటపడదు.

1. ఎందుకు పంపుతున్నారో ముందు కాగితం మీద రాయండి

స్కూళ్ళ జాబితా తయారు చేసుకోకముందే అమ్మానాన్నలు ఇద్దరూ విడివిడిగా కూర్చుని తలా మూడు కారణాలు రాయండి. తర్వాత కలిపి చూసుకోండి. ఇద్దరి కారణాలూ పూర్తిగా వేరుగా ఉంటే ఆ మాట తేలేదాకా ఏ స్కూల్‌కీ ఫోన్ చేయకండి.

ఉద్యోగంలో తరచూ బదిలీలు, దగ్గర్లో మంచి హైస్కూల్ లేకపోవడం, పిల్లకి ఒక ఆటలోనో సంగీతంలోనో ఇంటి దగ్గర దొరకని శిక్షణ కావాల్సి రావడం, ఇంట్లో పెద్దవాళ్ళ అనారోగ్యం. ఇవన్నీ న్యాయమైన కారణాలే. స్కూల్ ఎంపికకి కూడా ఇవే దారి చూపిస్తాయి. ఆట కోసం పంపుతున్నప్పుడు కోచ్ ఎవరో, రోజుకి ఎన్ని గంటలు ఆడిస్తారో ముఖ్యం. బదిలీల వల్ల పంపుతున్నప్పుడు సిలబస్, సెలవుల్లో రాకపోకలు ముఖ్యం.

నన్ను కంగారు పెట్టే కారణం ఒకటుంది: "ఇక్కడ మా మాట వినడం లేదు, అక్కడైతే దారికొస్తాడు." ఇంట్లో మాట వినని పిల్లవాడి మనసులో ఏదో ఉంది. అదేమిటో తెలుసుకోకుండా పంపేస్తే వాడికి అది శిక్షలాగే అనిపిస్తుంది, ఇంటికి అక్కర్లేదనుకుని తనను వదిలించుకున్నారనే అర్థమవుతుంది. అలాగే ఇంట్లో ఎవరైనా పోయిన ఏడాదిలోనో, అమ్మానాన్నలు విడిపోతున్న సమయంలోనో, చెల్లో తమ్ముడో పుట్టిన వెంటనేనో పంపకండి. ఒక ఏడాది ఆగితే పోయేదేమీ లేదు.

వయసు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పదేళ్ళు దాటని పిల్లల్ని, వేరే దారి ఏదైనా ఉంటే, పూర్తి బోర్డింగ్‌లో పెట్టకండి. తప్పనిసరైతే వారం వారం ఇంటికి వచ్చే ఏర్పాటున్న స్కూల్ చూడండి.

2. మీ పిల్లల గురించి ఒక పేజీ

"మంచి స్కూల్ ఏది?" అన్న ప్రశ్నకి జవాబు లేదు. "మా పాపకి సరిపోయేది ఏది?" అంటే జవాబు దొరుకుతుంది. కాబట్టి మీ పాప గురించి ఒక పేజీ రాసుకోండి. నిద్ర గాఢంగా పడుతుందా, చిన్న చప్పుడుకే లేస్తుందా? ఒంటరిగా కాసేపు ఉండకపోతే చిరాకు పడుతుందా? అవసరమైంది నోరు తెరిచి అడుగుతుందా, మొహమాటపడి ఊరుకుంటుందా? ఆస్తమా, అలెర్జీ, రోజూ వేసుకోవాల్సిన మందులు ఏమైనా ఉన్నాయా? చదవడంలోనో లెక్కల్లోనో ప్రత్యేకంగా సాయం కావాలా?

పక్క తడపడం గురించి చాలామంది తల్లిదండ్రులు సిగ్గుపడి స్కూల్‌కి చెప్పరు. ఏడేళ్ళ పిల్లల్లో దాదాపు 5 నుంచి 10 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంటుంది, కొందరికి ఇంకా పెద్దయ్యాక కూడా ఉంటుంది. అందులో పిల్లల తప్పేమీ లేదు. మీ పిల్లలకి ఆ ఇబ్బంది లేకపోయినా ప్రతి స్కూల్లోనూ ఈ ప్రశ్న వేయండి: "ఎవరైనా రాత్రి పక్క తడిపితే పొద్దున ఏం చేస్తారు?" ఒకచోట, "మా వాళ్ళు మిగతావాళ్ళు లేవకముందే దుప్పటి మార్చేస్తారు, ఎవరికీ తెలియనివ్వం" అంటారు. ఇంకోచోట, "అలాంటి పిల్లలు మా దగ్గర లేరు" అంటారు. ఆ రెండో జవాబు ఇచ్చిన చోట పిల్లలు దాచుకోవడం నేర్చుకున్నారని అర్థం చేసుకోండి. అరగంట ప్రెజెంటేషన్ కన్నా ఈ ఒక్క ప్రశ్న స్కూల్ గురించి ఎక్కువ చెబుతుంది.

3. జాబితాని మూడు నాలుగుకి కుదించండి

ఇది త్వరగా అయిపోయే పని. సిలబస్ మధ్యలో మారకుండా ఎక్కడిదాకా చదవొచ్చో చూడండి. పూర్తి బోర్డింగా, వారాంతంలో ఇంటికి పంపుతారా తేల్చుకోండి. దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా ఇలా లెక్కేయండి: రాత్రి పదకొండింటికి ఒళ్ళు బాగోలేదని ఫోన్ వస్తే మీరు ఎన్ని గంటల్లో పిల్లవాడి మంచం పక్కన ఉండగలరు? ఆ జవాబు మీకే భయం పుట్టిస్తే ఆ పేరు కొట్టేయండి. ఫీజు మీ శక్తికి మించినదైతే అది కూడా కొట్టేయండి. అప్పుతో కట్టే ఫీజు పిల్లల నెత్తిన మార్కుల భారమై కూర్చుంటుంది.

4. టైమ్‌టేబుల్ అడిగి తీసుకుని నిద్ర లెక్క కట్టండి

క్లాసుల టైమ్‌టేబుల్ చాలదు. నిద్ర లేచిన దగ్గర్నుంచి లైట్లు ఆర్పేదాకా రోజు మొత్తం ఎలా నడుస్తుందో రాసిన కాగితం అడగండి. ఆదివారానిది విడిగా అడగండి.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. ఇప్పుడు ఆ కాగితం చూడండి. రాత్రి 10:30కి స్టడీ అవర్ అయిపోతుంది, పొద్దున 5:15కి బెల్ అని ఉందనుకోండి. పైకి ఆరుముప్పావు గంటలు కనిపిస్తున్నాయి. స్టడీ హాల్ నుంచి గదికి వచ్చి, పళ్ళు తోముకుని, బాత్‌రూమ్ లైన్‌లో నిలబడి, పడుకుని నిద్రపట్టేసరికి పదకొండు దాటుతుంది. మిగిలింది ఆరు గంటలు. పన్నెండేళ్ళ పిల్లవాడికి రోజుకి కనీసం మూడు గంటల నిద్ర బాకీ. ఇలా నెలల తరబడి సాగితే చదివింది తలకెక్కదు, చీటికీమాటికీ కోపం, తరచూ జలుబూ జ్వరం. ర్యాంకులెన్ని వచ్చినా ఇలాంటి టైమ్‌టేబుల్ ఉన్న స్కూల్‌ని నేనైతే అక్కడితో వదిలేస్తాను.

అదే కాగితంలో ఇంకొకటి వెతకండి: ఎవరూ ఏమీ చేయమని చెప్పని ఖాళీ సమయం. రోజుకి కనీసం ఒక గంటైనా ఉండాలి. ఊరికే కూర్చునే, స్నేహితులతో కబుర్లాడే వీలు లేని చోట పిల్లలకి ఊపిరి ఆడదు.

5. వెళ్ళి చూడండి, సాయంత్రం పూట వెళ్ళండి

ఓపెన్ డే నాడు, అంటే తల్లిదండ్రుల్ని పిలిచి స్కూల్ చూపించే రోజున, చూసిందాన్ని బట్టి నిర్ణయించకండి. ఆ రోజు అన్నీ కడిగి ముగ్గు పెట్టినట్టే ఉంటాయి. మామూలు పనిదినాన, సాయంత్రం నాలుగు తర్వాత వస్తామని అడగండి. భోజనాల వేళ దాకా ఉంటామని చెప్పండి. వద్దంటే ఎందుకు వద్దో అడగండి. పిల్లల గోప్యత కోసం డార్మిటరీ లోపలికి కొన్ని వేళల్లో రానివ్వకపోవడం సబబే, అది మంచి లక్షణం కూడా. ఏ వేళలోనూ చూపించం అంటే మాత్రం అక్కణ్ణుంచి వచ్చేయండి.

ముందు బాత్‌రూములు చూడండి. తలుపులకి లోపలి గడియ పడుతుందా, నీళ్ళు వస్తున్నాయా, వేణ్ణీళ్ళు అందరికీ సరిపోతాయా, ఎంతమందికి ఒకటి? అమ్మాయిల హాస్టల్ అయితే శానిటరీ ప్యాడ్లు ఎక్కడ దొరుకుతాయి, ఎవర్ని అడగాలి, వాడినవి పడేయడానికి మూతున్న డబ్బా ఉందా? చాలా స్కూళ్ళలో లైబ్రరీ చూపించడానికి ఉత్సాహపడే మనిషి ఇక్కడ నడక వేగం పెంచుతారు. మీరు ఆగండి.

తర్వాత మంచాలు. ఒక మంచం పక్కన నిలబడి చుట్టూ చూడండి. తాళం వేసుకునే అల్మారా ఉందా? గోడ మీద ఇంటి ఫొటో అంటించుకోనిస్తారా? చిన్న పిల్లల గదిలోకి పెద్ద క్లాసుల వాళ్ళు ఇష్టమొచ్చినట్టు వెళ్ళొచ్చా? బయటికి దారులు రెండున్నాయా, రాత్రి వాటికి తాళాలు వేస్తారా? ఫైర్ డ్రిల్ చివరిసారి ఎప్పుడు చేశారు? తేదీ చెప్పగలగాలి.

సిక్ రూమ్‌లో నర్స్ రాత్రిపూట కూడా ఉంటారా, ఆటలమ్మ లాంటి అంటుజబ్బు వస్తే విడిగా ఉంచడానికి గది ఉందా, మందులు ఎవరి చేతిలో ఉంటాయి, ఆసుపత్రి ఎంత దూరం, అర్ధరాత్రి ఏ బండిలో తీసుకెళ్తారు? ఒకే గదిలో ఎక్కువమంది పడుకునే చోట జబ్బులు త్వరగా పాకుతాయి. కాబట్టి టీకాల విషయంలో స్కూల్ ఏం అడుగుతుందో చూసి, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా అవసరమేమో మీ పిల్లల డాక్టర్‌ని అడగండి.

మెస్‌లో పిల్లలతో కలిసి తినండి. రుచి కన్నా గమనించాల్సింది వేరే ఉంది. టీచర్లూ వార్డెన్లూ అదే తిండి తింటున్నారా, మళ్ళీ వడ్డించమంటే విసుక్కుంటున్నారా, ఒంటరిగా కూర్చున్న పిల్ల ఎవరైనా ఉంటే పెద్దవాళ్ళ కన్ను అటు పడుతోందా?

6. వార్డెన్‌తో కనీసం అరగంట

ప్రిన్సిపాల్ మాట్లాడతారు, అడ్మిషన్ ఆఫీసు వాళ్ళు మాట్లాడతారు. మీకు కావాల్సింది మీ పిల్లలు పడుకునే బ్లాక్ చూసుకునే మనిషి. హౌస్ పేరెంట్ అన్నా వార్డెన్ అన్నా, వచ్చే కొన్నేళ్ళు మీ స్థానంలో ఉండేది వాళ్ళే. ఆ మనిషిని కలవకుండా ఫీజు కట్టకండి.

అడగాల్సినవి: రాత్రిపూట ఎంతమంది పిల్లలకి ఒక పెద్దమనిషి? అదే భవనంలో పడుకుంటారా? వారానికి మీకు సెలవు ఎప్పుడు, అప్పుడు ఎవరు చూస్తారు? ఎన్నేళ్ళుగా ఇక్కడున్నారు, మీ ముందు పనిచేసినవాళ్ళు ఎంతకాలం ఉన్నారు? ఏటేటా వార్డెన్లు మారిపోయే చోట పిల్లలు ఎవరికీ తెలియరు.

ఆ తర్వాత ఒక సందర్భం చెప్పి అడగండి. "చేరి పది రోజులైంది. పాప రెండ్రోజులుగా సరిగ్గా తినడం లేదు, అడిగితే బాగానే ఉన్నానంటోంది. మీరేం చేస్తారు?" అని. "అన్నీ సర్దుకుంటాయండీ, నెల తిరిగేసరికి ఇంటికే రానంటారు" అని నవ్వేస్తే మీకు జవాబు దొరకనట్టే. "నేను పక్కన కూర్చుని తింటాను, గదిలో పక్క మంచాల వాళ్ళు ఎవరో చూస్తాను, రెండో రోజుకే మీకు ఫోన్ చేస్తాను" అని చెప్పగలిగితే ఆ మనిషి నిజంగా పిల్లల్ని చూసుకుంటున్నారని నమ్మొచ్చు. మాట్లాడుతున్నంతసేపూ అటుగా వెళ్తున్న పిల్లల్ని కూడా గమనించండి. వార్డెన్‌ని చూసి పలకరిస్తున్నారా, తలొంచుకుని గోడ పక్కనుంచి జారుకుంటున్నారా? వాళ్ళ పేర్లు ఆ మనిషికి తెలుసా?

7. భద్రత విషయంలో మొహమాటం వద్దు

పిల్లలపై లైంగిక వేధింపుల గురించి ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 దాకా సాగిన రాయల్ కమిషన్ విచారణలోనూ, ఇంగ్లండ్, వేల్స్‌లకు సంబంధించిన స్వతంత్ర విచారణలోనూ బోర్డింగ్ స్కూళ్ళ ప్రస్తావన వచ్చింది. వాటిలో ఎంతో పేరున్నవీ ఉన్నాయి. పిల్లలు చెప్పినా సంస్థ పరువు పోతుందని తొక్కిపెట్టిన ఉదంతాలు మళ్ళీ మళ్ళీ బయటపడ్డాయి. పేరు చూసి ధైర్యపడకూడదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కాబట్టి నిక్కచ్చిగా అడగండి. టీచర్ల దగ్గర్నుంచి వంటవాళ్ళు, డ్రైవర్లు, వాచ్‌మన్ల దాకా చేర్చుకునే ముందు వాళ్ళ గతం గురించి ఎలా విచారిస్తారు? పిల్లల రక్షణ విధానం రాసి ఉందా, కాపీ ఇస్తారా? ఒక పెద్దమనిషి ఒక్క పిల్లతో మూసిన గదిలో ఉండకూడదన్న నియమం ఉందా? వార్డెన్ మీదే ఫిర్యాదు ఉంటే పిల్ల ఎవరికి చెప్పాలి? స్కూల్‌కి సంబంధం లేని హెల్ప్‌లైన్ నంబర్ హాస్టల్‌లో కంటపడేచోట అంటించారా? ఆ నంబర్‌కి ఎవరి అనుమతీ లేకుండా ఫోన్ చేసే వీలుందా? నంబర్ గోడ మీదుండి ఫోన్ వార్డెన్ గదిలో తాళం వేసి ఉంటే ఉపయోగం లేదు.

ర్యాగింగ్ గురించి "మా దగ్గర అస్సలు లేదు" అన్న జవాబుని నమ్మకండి. వందలమంది పిల్లలు రాత్రింబవళ్ళు కలిసి ఉండే చోట ఏదో ఒకటి జరుగుతుంది. "పోయినసారి జరిగినప్పుడు ఇలా తెలిసింది, ఇలా చేశాం" అని, పేర్లు చెప్పకుండా వివరించే స్కూల్ మేలు. శిక్షలు ఏమిటో కూడా అడగండి. ఇంటికి ఫోన్ చేయనివ్వకపోవడం, తిండి ఆపడం, అందరి ముందు నిలబెట్టడం. వీటిలో ఏదైనా శిక్షల జాబితాలో ఉంటే ఆ స్కూల్ వద్దు.

8. అక్కడ చదివినవాళ్ళు, మానేసినవాళ్ళు

స్కూల్ ఇచ్చే నంబర్లలో సంతోషంగా ఉన్న తల్లిదండ్రులే ఉంటారు. వాళ్ళతో మాట్లాడండి, కాకపోతే మీ అంతట మీరు వెతికి, మధ్యలో మానేసిన పిల్లల ఇంటివాళ్ళతో కూడా మాట్లాడండి. ఎందుకు మానేశారన్నది ఒకెత్తు, మానేస్తామన్నప్పుడు స్కూల్ ఎలా ప్రవర్తించిందన్నది ఇంకో ఎత్తు. పిల్లల్ని అడిగేటప్పుడు "బాగుందా?" అంటే "బాగుంది" అనే అంటారు. "రాత్రి కడుపునొప్పి వస్తే ఎవర్ని లేపుతావు?", "వర్షం పడితే ఆదివారం ఏం చేస్తారు?" అని అడగండి.

9. సంతకం పెట్టే ముందు

ఫీజు కాగితాలు చదవడం విసుగు పుట్టించే పనే అయినా తప్పదు. మధ్యలో మానిపిస్తే ఎంత తిరిగిస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డిపాజిట్ ఎప్పుడిస్తారు, ఏటా ఫీజు ఎంత పెంచొచ్చు, యూనిఫాం, విహారయాత్రలు, ట్యూషన్ ఖర్చులు ఫీజులోనే కలిసి ఉన్నాయా, విడిగా కట్టాలా? నోటితో చెప్పిన రాయితీలన్నీ మెయిల్‌లో రాయించుకోండి. మొదటి నెల్లోనే వెనక్కి తెచ్చుకోవాల్సి వస్తే మొత్తం డబ్బు పోతుందన్న షరతుంటే జాగ్రత్త. ఆ డబ్బు పోతుందన్న భయంతోనే పిల్ల ఏడుస్తున్నా వినిపించుకోని పరిస్థితి వస్తుంది.

10. రెండింటి మధ్య తేల్చుకోవడం

చాలామంది ఒక్కో అంశానికి మార్కులు వేసి కూడుతుంటారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. గ్రౌండ్‌కి వచ్చిన పది మార్కులు, రాత్రిపూట వార్డెన్ లేకపోవడానికి పోయిన మార్కుల్ని పూడ్చేస్తాయి. కూడిక బాగానే ఉంటుంది, పిల్లవాడు మాత్రం రాత్రి ఒంటరిగా ఉంటాడు.

దానికి బదులు ముందు తప్పనిసరి అంశాలు పెట్టుకోండి: సరిపడా నిద్ర, రాత్రి అదే భవనంలో పెద్దమనిషి, ఇంటికి స్వేచ్ఛగా ఫోన్, రాతపూర్వకమైన రక్షణ విధానం, మీ పిల్లలకి ప్రత్యేకంగా కావాల్సిన ఆరోగ్య సదుపాయం. వీటిలో ఒక్కటి లేకపోయినా మిగతా గొప్పలు చూడకుండా పక్కన పెట్టేయండి. అప్పటికీ రెండు మిగిలితే మొదటి రోజు రాసుకున్న కారణాల కాగితం తీయండి. అప్పటికీ తేలకపోతే వార్డెన్ బాగా నచ్చిన చోటుకి మొగ్గండి. ఆ తర్వాత దగ్గరగా ఉన్నదానికి.

పిల్లల మాటకి ఇక్కడ నిజమైన బరువు ఉండాలి. తమకి సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు, వయసుని బట్టి ఆ అభిప్రాయానికి విలువ ఇవ్వాలన్న నియమం 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలోనే ఉన్నాయి. మీకు సమ్మతమైన రెండు స్కూళ్ళనీ చూపించి, "ఈ రెండిట్లో నీకేది?" అని అడగండి. వీలైతే ఒకట్రెండు రాత్రులు అక్కడ ఉండి చూసే ఏర్పాటు అడగండి. పిల్ల పూర్తిగా వద్దంటే ఆ ఏడాదికి ఆపేయండి.

11. చేరే ముందు, చేరాక మొదటి వారాలు

ఇంటి బెంగ దాదాపు అందరికీ ఉంటుంది. దాన్ని తగ్గించడం గురించి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2007లో ఒక క్లినికల్ రిపోర్ట్ వెలువరించింది. అందులోని సలహాలు తేలికైనవే: నిర్ణయంలో పిల్లలకి భాగం ఇవ్వడం, ముందుగానే బంధువుల ఇళ్ళలోనో స్నేహితుల ఇళ్ళలోనో అమ్మానాన్నలు లేకుండా కొన్ని రాత్రులు గడిపించడం, బెంగ రావడం మామూలేనని చెప్పడం, మన ఆందోళన పిల్లల ముందు వెళ్ళగక్కకపోవడం. ఇంకొకటి ముఖ్యం: "నచ్చకపోతే ఫోన్ చెయ్యి, వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తాను" అని మాట ఇవ్వొద్దంటుంది ఆ రిపోర్ట్. ఆ మాట వింటే, నువ్వు ఉండలేవని అమ్మానాన్నలే అనుకుంటున్నట్టు పిల్లకి అనిపిస్తుంది. దానికి బదులు, "మొదట్లో బెంగగా ఉంటుంది, ఏం చేయాలో ఇద్దరం ఆలోచిద్దాం. ఫలానా తారీఖున నేను వస్తాను" అని చెప్పి, క్యాలెండర్‌లో ఆ తారీఖు చుట్టూ గీత గీయించండి. ఆ రోజున తప్పకుండా వెళ్ళండి.

వెళ్ళే ముందు నెలలో బట్టలు ఉతుక్కోవడం, మంచం సర్దుకోవడం, కావాల్సింది పెద్దవాళ్ళని అడగడం అలవాటు చేయండి. ఒంటి మీద ఎవరు ఎక్కడ చెయ్యి వేయకూడదో, ఎవరైనా "ఇంట్లో చెప్పొద్దు" అంటే అది తప్పకుండా చెప్పాల్సిన విషయమని, స్పష్టమైన మాటల్లో చెప్పండి. ఫోన్ వార్డెన్ ముందే మాట్లాడాల్సి వస్తుందేమో. అందుకని మీ ఇద్దరికే తెలిసిన మాట ఒకటి పెట్టుకోండి. అది వినపడితే ఏ పనున్నా వదిలేసి బయల్దేరతానని చెప్పండి. బెంగ వేరు, భయం వేరని కూడా పిల్లకి చెప్పి ఉంచండి.

మొదటి వారాల్లో ఫోన్‌లో ఏడుస్తారు. పెట్టేశాక చాలామంది కళ్ళు తుడుచుకుని ఆటకి పరిగెడతారు, మనకి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. రోజులు గడిచేకొద్దీ ఫోన్‌లో కొత్త స్నేహితుల పేర్లు వినపడుతుంటే కుదురుకుంటున్నట్టే. బరువు తగ్గుతూ ఉండటం, నిద్ర పూర్తిగా పోవడం, ఎలా తగిలాయో చెప్పలేని దెబ్బలు, ఒక మనిషి పేరెత్తగానే మౌనం, చావు మాటలు, ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల "బాగానే ఉన్నాను" తప్ప ఇంకేమీ చెప్పకపోవడం. వీటిలో ఏది కనిపించినా పరీక్షలనీ, కట్టిన ఫీజనీ చూసుకోకుండా ఆ రోజే బయల్దేరి వెళ్ళండి. పిల్లని స్కూల్ ఆవరణ బయటికి తీసుకొచ్చి, ఎవరూ లేని చోట కూర్చోబెట్టుకుని, తొందరపెట్టకుండా వినండి. ఏం చేయాలన్నది ఆ తర్వాతే తేల్చుకోండి.